వాక్స్థాన చరిత్ర: మెదడులో మాట, తలంపు, చేత

మనోవాక్కాయములను త్రికరణములని మన పెద్దలు వ్యవహరించిరి. ఈ మూడును ఏకముగా నుండవలయునని బోధించుటయే అవి వేఱువేఱుగా నుండగలవను ఎఱుకకు సూచకము. భర్తృహరి మార్గము దీనికి భిన్నమైనది. ఆయన వాక్యపదీయ ప్రథమకాండమున శబ్దముతో ముడివడని జ్ఞానము లోకమున లేదని ప్రతిపాదించెను. అంతటితో నిలువక, ఇది చేయదగినది, ఇట్లు చేయదగినది అను వ్యవహారమంతయు శబ్దమునే ఆశ్రయించియున్నదనియు, మాటలు రాని శిశువునందు సైతము పూర్వసంస్కారరూపమున అది కలదనియు చెప్పెను. అనగా మాటకును, తలంపునకును, చేతకును మూలమొక్కటియే యని ఆయన మతము. ఇది వ్యాకరణదర్శనమే గాని శరీరశాస్త్రము కాదు. మెదడులో ఏ భాగమున ఏమి జరుగునను విచారము అందు లేదు.

అయినను ఇదే ప్రశ్న పందొమ్మిదవ శతాబ్ది నడుమ పారిస్ వైద్యశాలలలో మఱియొక రూపమున తలయెత్తినది. అచ్చట అది రోగి మంచము ప్రక్క నిలిచి అడుగవలసిన ప్రశ్న యయ్యెను. మాట పోయిన మనుష్యునకు తలంపు మిగిలియుండునా? తెలిసిన పనిని చేయి మఱచునా? ఈ వ్యాసమున ఆ ప్రశ్న చరిత్రను 1861 మొదలు నేటివఱకు సంగ్రహముగా పరిశీలింపదలచితిని. వాక్స్థానమని పేరుపొందిన మెదడుభాగము మాటకు మాత్రమే నెలవు కాదని క్రమక్రమముగా తెలియవచ్చినది. అంతమాత్రమున మాటయే తలంపని సిద్ధింపలేదు. ఒకే లోగిలిలో పలు కుటుంబములు కాపురమున్నను వారి పొయ్యిలు వేఱు. ఈ భేదమును గుర్తింపకపోవుటచేతనే నూఱేండ్లకు పైగా వాదములు పెనగులాడినవని నా అభిప్రాయము.

బ్రోకా నివేదిక

మెదడులో ఆయా శక్తులకు ఆయా స్థానములు కలవను వాదమును పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలో ఫ్రాంజ్ జోసెఫ్ గాల్ ప్రచారమునకు తెచ్చెను. కపాలముమీది మిట్టపల్లములను తడవి మనుష్యుల గుణములు చెప్పు విద్యగా అది దిగజారుటచే విద్వాంసులలో పలువురు దానిని త్రోసిపుచ్చిరి. కాని వాక్కునకు మాత్రము నుదుటి వెనుకనుండు లలాటఖండములే స్థానమని జాన్ బాప్తిస్త్ బుయో అను ఫ్రెంచి వైద్యుడు 1825లో రోగుల నిదర్శనములతో సమర్థించెను. 1861లో పారిస్ మానవశాస్త్రసంఘమున ఆయన అల్లుడగు ఓబుర్తాన్ ఈ పక్షమును, గ్రాతియోలే ఎదుటి పక్షమును వహించి వాదించుచుండిరి. ఆ సంఘమును 1859లో స్థాపించిన శస్త్రవైద్యుడు పాల్ బ్రోకా ఈ వాదములను శ్రద్ధతో వినుచుండెను.

ఆ యేడు ఏప్రిల్ నెలలో బిసేత్ర్ వైద్యశాలయందలి బ్రోకా విభాగమునకు లెబోర్న్ అను 51 ఏండ్ల రోగిని తెచ్చిరి. కుడికాలికి సోకిన తీవ్రమైన వ్యాధి అందులకు కారణము. అతడు 21 సంవత్సరములుగా బిసేత్ర్‌లోనే యున్నవాడు. ఏమి యడిగినను 'తాన్, తాన్' అని తప్ప వేఱు పలుకు లేదు. అందఱును అతనిని ఆ పేరనే పిలిచెడివారు. కాలక్రమమున కుడిచేయి, కుడికాలు చచ్చుపడినవి. ఏప్రిల్ 17న అతడు మరణింపగా, మఱునాడే బ్రోకా అతని మెదడును సంఘము నెదుట ప్రదర్శించెను. ఎడమ లలాటఖండమున మూడవ మడత వెనుకభాగము చెడియుండెను. బ్రోకా ప్రదేశమని నేడు ప్రసిద్ధమైనది ఈ భాగమే.

పాఠ్యగ్రంథములలో ఈ కథ సాధారణముగా ఇంతటితో ముగియును. బ్రోకా నివేదికలో మఱియొక భాగము కలదు. ఈ వైద్యశాలలో ఎన్ని యేండ్లనుండి యుంటివని అడుగగా లెబోర్న్ ఎడమచేతి అయిదు వ్రేళ్లను నాలుగు మాఱులు చాచి చూపి, పిమ్మట ఒక్క వ్రేలిని చూపెను. లెక్క సరియే: ఇరువదియొకటి. గడియారమును చూచి కాలమును గ్రహించుటకును అతడు సమర్థుడు. దీర్ఘవ్యాధిచే అతని బుద్ధి కొంత తఱిగినదని బ్రోకా అంగీకరించెను గాని, పైకి తెలుపగలిగినదానికంటె అతని లోపల మిగిలినది ఎక్కువయని భావించెను.

అదే సంవత్సరమున బ్రోకా పరీక్షించిన రెండవ రోగి 84 ఏండ్ల లెలోంగ్. అతనికి మిగిలిన మాటలు అయిదు మాత్రమే. అంకెలన్నిటికిని అతడు వాడునది ఒక్కటే మాట. ఫ్రెంచి భాషలో మూడు అను అర్థముగల పదమునకు చెడిన రూపమది. పిల్లలెందఱని అడిగినపుడు నోట 'మూడు' అనుచునే చేతితో నాలుగు వ్రేళ్లు చూపెను. మగపిల్లలెందఱన్నను, ఆడపిల్లలెందఱన్నను నోట మూడే. చేత రెండేసి వ్రేళ్లు. నోరు తప్పు చెప్పుచుండగా చేయి నిజము చెప్పుచున్నది. మాట, తలంపు, చేత అను మూడింటి విభాగమును చూపుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యమును తరువాతి శతాబ్దియు అరుదుగానే ఇచ్చినది. కాని శాస్త్రలోకము ఆ మెదడులోని గుంటను చూచినంత శ్రద్ధతో ఆ వ్రేళ్లను చూడలేదు.

1865లో బ్రోకా మఱియొక ముఖ్యాంశమును ప్రకటించెను. వాక్కును నడపునది ప్రధానముగా ఎడమ అర్ధగోళమని దాని సారము. మార్క్ దాక్స్ అను వైద్యుడు 1836లోనే ఈ మాట వ్రాసియుంచెనని అతని కుమారుడు ఆ యేడే ఆ పత్రమును వెలువరించెను. ఈ వ్యాధికి 1864లో త్రూసో పెట్టిన అఫేసియా అను పేరే నేటికిని నిలిచియున్నది. మాట పోయినవాని బుద్ధియు కుంటుపడునని త్రూసో వాదించెను. ఇట్లు వ్యాధి పేరుతోబాటే వివాదమును పుట్టినది.

స్థానవాదమును, ఏకత్వవాదమును

1874లో కార్ల్ వెర్నికె అను 26 ఏండ్ల జర్మను వైద్యుడు మఱియొక విధమైన వాగ్వైకల్యమును వర్ణించెను. ఈ రోగులు ధారాళముగా మాటలాడుదురు గాని ఆ మాటలకు పొందిక యుండదు. ఇతరుల మాటయు వారికి బోధపడదు. ఇందు చెడినది ఎడమ కణతవైపు ఖండము వెనుకభాగము. పలుకుటకు ముందొక నెలవు, గ్రహించుటకు వెనుకనొక నెలవు, రెండింటిని కలుపు త్రోవ యొకటి అను పటము దీనితో ఏర్పడినది. పటము సులభమగుటచే బోధనకు అనుకూలించెను. అందు తలంపునకు గాని చేతకు గాని చోటు లేకపోయెను.

కాని అనుమానములు మొదటినుండియు కలవు. 1870లోనే ఫింకెల్న్‌బుర్గ్ అను జర్మను వైద్యుడు, ఇట్టి రోగులలో కొందఱు మాటలనేగాక సంజ్ఞలను, చిహ్నములను గూడ గ్రహింపలేకున్నారని చూపి, దీనిని సంకేతశక్తినష్టముగా భావింపవలయుననెను. లండన్ నగరమున హ్యూలింగ్స్ జాక్సన్, మాటలు పోయిన రోగి కోపము వచ్చినపుడు తిట్టుపదమును చక్కగా పలుకుటను గమనించి, అలవాటుగా వెలువడు పలుకు వేఱు, ఒక విషయమును ప్రతిపాదించు పలుకు వేఱని వివేచించెను. చెడిన చోటును గుర్తించుటయు, వాక్కునకు స్థానమును నిర్ణయించుటయు ఒకటి కాదని ఆయన చేసిన హెచ్చరిక నేటికిని స్మరణీయము.

చేత విషయమున క్రొత్త దారి చూపినవాడు హూగో లీప్‌మన్. ఆయన వెర్నికెయొద్ద పనిచేసినవాడు. 1900లో ఆయన ప్రకటించిన రోగి 48 ఏండ్ల ప్రభుత్వోద్యోగి. చెప్పిన పనిని అతడు కుడిచేతితో చేయలేకుండెను. అదే పనిని ఎడమచేతితో సరిగా చేసెను. చేతికి బలము లేకకాదు, ఆజ్ఞ బోధపడకకాదు. పనియొక్క క్రమము ఆ చేతికి అందలేదు. తరువాతి పరిశీలనలలో లీప్‌మన్, నేర్చిన పనులను నడపుటయందును ఎడమ అర్ధగోళమే ప్రధానమని నిరూపించెను. కావున మాటకును నేర్పుగల చేతకును ఒకే అర్ధగోళము ఆశ్రయము. ఈ రెండు లోపములును పలుమాఱులు జంటగా కనిపించును. అయినను ఒకటి లేక మఱియొకటి కనిపించుటయు కలదు. పొరుగుతనమునకును ఏకత్వమునకును గల భేదము ఇచ్చట మొదటిసారిగా శాస్త్రమునకు చేజిక్కినది.

1906లో పియర్ మారీ స్థానవాదమును మూలమునుండి పెకలింపజూచెను. మూడవ లలాటపు మడతకు భాషయందు ప్రత్యేకాధికారమేదియు లేదని ఆయన ప్రకటన. అఫేసియా యనగా మాటల నష్టము కాదు, ఒక విధమైన బుద్ధిలోపమే యని ఆయన సిద్ధాంతము. వంటవృత్తిలో ఆరితేరిన ఒక రోగిచే ఆయన గ్రుడ్డు వేయించెను. ఆ రోగి గ్రుడ్డును చిదిపి, వెన్న మొదలగువానిని వరుస తప్పి వేసి, పాడుచేసెను. మాట పోగా వంటయు పోయినది గనుక రెండును ఒకటే యని మారీ నిర్ణయించెను. 1908లో పారిస్ నాడీవైద్యసంఘమున ఆయనకును దెజెరీన్ అను ప్రతివాదికిని మూడు సమావేశములలో ఘోరమైన వాదము జరిగెను. లీప్‌మన్ కనుగొన్న భేదము నెఱిగి చూచినచో, ఆ వంటవానియందు వాగ్లోపముతోబాటు క్రియాలోపమును చేరియుండవచ్చునని తోచును. ఒకే దెబ్బకు రెండు పొరుగిండ్లు కూలినవి. వానిని మారీ ఒకే యిల్లుగా లెక్కించెను.

హెన్రీ హెడ్ మొదటి ప్రపంచయుద్ధమున తలకు గాయములైన సైనికులను పరీక్షించి 1926లో బృహద్గ్రంథమును వెలువరించెను. సంకేతములను కల్పించి వినియోగించు శక్తియే ఇందు చెడుచున్నదని ఆయన మతము. ఇట్లు అర్ధశతాబ్దికాలము స్థానవాదమును ఏకత్వవాదమును మాఱిమాఱి పైచేయి గావించినవి. ఈ నడుమ 1909లో కోర్బినియన్ బ్రోడ్‌మన్ మెదడు పైపొరను కణనిర్మాణమునుబట్టి విభజించి సంఖ్యలు వేసెను. బ్రోకా ప్రదేశము అందు 44, 45 సంఖ్యలుగల రెండు భాగములైనది. ఒక్క పేరుతో పిలిచినది నిర్మాణమున ఒక్కటి కాదని అప్పుడే తేలినది.

సీతాకోకచిలుకయు, సింఫనీయు

మాట లేని తలంపు నిలుచునా యనుటకు ఇరువదవ శతాబ్ది నడుమ రెండు నిదర్శనములు లభించినవి. మాంట్రియల్ నగరమున వైల్డర్ పెన్‌ఫీల్డ్, మూర్ఛరోగులకు మెలకువ యుండగానే శస్త్రచికిత్స చేయుచు, మెదడుపై సన్నని విద్యుత్ప్రవాహమును తాకించి, చెఱుపరాని వాక్స్థానములను గుర్తించెడివాడు. 1959లో రాబర్ట్స్‌తో కలిసి ప్రకటించిన గ్రంథమున ఒక ఘట్టము కలదు. ప్రవాహము తాకియున్నపుడు ఒక రోగికి సీతాకోకచిలుక బొమ్మను చూపిరి. అతనికి మాట రాలేదు. విసుగుతో చిటికె వేసెను. ప్రవాహము తీసిన పిమ్మట, ఆ మాట రాకపోగా దానికి దగ్గఱగానున్న చిమ్మటపురుగు పేరైనను దొరకునాయని వెదకితినని చెప్పెను. వస్తువును గుర్తించెను, జాతిని గుర్తించెను, ప్రత్యామ్నాయమును వెదకెను. ఇదంతయు పేరు దొరకని వేళలోనే జరిగినది.

రెండవది రష్యాదేశపు స్వరకర్త విస్సరియోన్ షెబాలిన్ వృత్తాంతము. 1953లోను, 1959లోను మెదడు రక్తనాళముల వ్యాధి సోకి ఆయనకు మాటలాడుటయు, ఇతరుల మాట గ్రహించుటయు తీవ్రముగా చెడినవి. అయినను ఆయన సంగీతరచన మానలేదు. అయిదవ సింఫనీని 1962లో రచించి, 1963లో మరణించెను. అలెగ్జాండర్ లూరియా సహచరులతో కలిసి 1965లో ఈ విషయమును ప్రకటించెను. పదముల కూర్పు చెడిన మెదడులోనే స్వరముల కూర్పు చెక్కుచెదరక నిలిచినది.

ఛాయాచిత్రయుగము

1980ల తరువాత జీవించియున్న మనుష్యుని మెదడు పనిచేయుచుండగా చిత్రించు యంత్రములు పరిశోధకులకు అందుబాటులోనికి వచ్చినవి. అంతవఱకు చెడిన మెదడులనుండి ఊహించినదానిని ఇక చెడని మెదడులందు చూడవీలయ్యెను. ఫలితములు మొదట స్థానవాదులను కలవరపఱచినవి. 1993లో పౌలేసు మున్నగువారు, అక్షరములను పైకి పలుకక మనసులో వల్లెవేసికొనునపుడును బ్రోకా ప్రదేశము పనిచేయునని చూపిరి. 2001లో మేస్, కెల్ష్ మొదలగువారు, సంగీతమున స్వరక్రమము ఎదురుచూడని దారి పట్టినపుడు ఆ ప్రదేశమే స్పందించునని తెలిపిరి. 2004లో హౌక్, పుల్వర్‌ముల్లర్ ప్రభృతులు, నాకుట, ఏరుట, తన్నుట అను అర్థములుగల ఆంగ్లక్రియలను చదువునపుడు వరుసగా ముఖమును, చేతిని, కాలిని నడపు భాగములకు చేరువనున్న నాడీకేంద్రములు మేల్కొనునని ప్రకటించిరి. క్రియాపదమును చదువుటలో క్రియయొక్క నీడ కలదన్నమాట.

ఇటలీలోని పార్మా విశ్వవిద్యాలయమున రిజ్జొలాట్టి బృందము 1990లలో కనుగొన్న అంశము మఱింత సంచలనము కలిగించినది. కోతి తానొక వస్తువును పట్టుకొనునపుడును, ఇతరులు పట్టుకొనుట చూచునపుడును ఒకే నాడీకణములు స్పందించినవి. వానికి దర్పణకణములని పేరిడిరి. అవి యున్న భాగము మనుష్యుని బ్రోకా ప్రదేశమునకు సమానమైనదని ఎంచి, చేతిసైగలనుండియే భాష పుట్టినదని రిజ్జొలాట్టి, ఆర్బిబ్ అనువారు 1998లో ప్రతిపాదించిరి. ఇది మనోహరమైన ఊహ. కాని బ్రోకా ప్రదేశము చెడినవారిలో పలువురు ఇతరుల చేష్టలను చక్కగా గ్రహించుచున్నారని హికాక్ మున్నగువారు ఆక్షేపించిరి. ఆ ఆక్షేపము బలమైనది.

2007లో డ్రాంకర్స్ మున్నగువారు పారిస్ నగరమున భద్రపఱచియుంచిన లెబోర్న్, లెలోంగ్‌ల మెదడులను అయస్కాంతయంత్రముతో చిత్రించిరి. బ్రోకా పైనుండి చూచినదానికంటె హాని లోతుగా వ్యాపించియుండెను. ముందు వెనుక భాగములను కలుపు నాడీతంతువులు సైతము తెగియుండెను. శాస్త్రమునకు పునాదియైన నిదర్శనమే ఒక్క స్థానమునకు పరిమితము కాదని తేలినది.

ఇన్ని పనులు ఒక్క చోట జరుగుచున్నచో మారీ చెప్పినట్లు మాటయు బుద్ధియు ఒకటే యనవలయునా? ఇచ్చట ఫెడొరెంకో, డంకన్, కాన్విషర్ అనువారి 2012 నాటి పరిశోధన మిక్కిలి విలువైనది. పూర్వులు పలువురి చిత్రములను కలిపి సగటు తీయుటచే, ఒక్కొక్కరి మెదడులో వేఱువేఱుగానున్న భాగములు కలిసిపోయి ఒకటిగా కనిపించినవి. వీరు ఒక్కొక్క మనుష్యుని విడివిడిగా పరీక్షించిరి. బ్రోకా ప్రదేశములోనే భాషకు మాత్రము స్పందించు తావొకటి, దానిని ఆనుకొని లెక్క, జ్ఞాపకము మొదలగు ఏ కఠినకార్యమునకైనను స్పందించు తావొకటి కనిపించినవి. పక్కపక్కనే యున్నను పనులు వేఱు. అంతకు ముందే 2005లో రోజ్‌మేరీ వార్లీ మున్నగువారు, వాక్యనిర్మాణజ్ఞానము తీవ్రముగా చెడిన ముగ్గురు రోగులను పరీక్షించియుండిరి. సింహము మనుష్యుని చంపెననుటకును, మనుష్యుడు సింహమును చంపెననుటకును భేదము గ్రహింపలేనివారు, 59లో 13 తీసివేయుటకును 13లో 59 తీసివేయుటకును గల భేదమును చక్కగా గ్రహించిరి. లెబోర్న్ చాచిన వ్రేళ్లకు ఇది నూట నలువది నాలుగేండ్ల తరువాత వచ్చిన వ్యాఖ్యానము. 2024లో ఫెడొరెంకో, పియాంటడోసి, గిబ్సన్ అనువారు ఇట్టి సాక్ష్యములను క్రోడీకరించి, భాష ప్రధానముగా పరస్పరవినిమయమునకు సాధనమేగాని తలంపునకు ఆధారము కాదని వాదించిరి.

తెలుగునాటి సాక్ష్యము

ఈ చరిత్రలో హైదరాబాదునకును ఒక స్థానము కలదు. నిజాం వైద్యవిజ్ఞానసంస్థలో సువర్ణ అల్లాడి, సహపరిశోధకులు తెలుగు, హిందీ, దక్కనీ మొదలగు భాషలు వ్యవహారములోనున్న నగరమును పరిశోధనకు తగిన క్షేత్రముగా గ్రహించిరి. 2013లో వారు మతిమఱపువ్యాధి సోకిన 648 మందిని పరిశీలించి, ఒక్క భాషయే యెఱిగినవారికంటె ఒకటికి మించి భాషలెఱిగినవారికి ఆ వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చినదని ప్రకటించిరి. చదువు రానివారియందును ఈ భేదము కనిపించినది. ఇతరదేశములలో అన్ని పరిశోధనలును ఈ ఫలితమునే ఈయలేదు గనుక చర్చ ముగియలేదు.

2016లో వెలువడిన రెండవ పరిశోధన మన ప్రశ్నకు మఱింత సన్నిహితము. మెదడు రక్తనాళములు పూడుకొని జబ్బుపడిన 608 మందిలో, ఆలోచనాశక్తి చెడక నిలిచినవారు బహుభాషావేత్తలలో నూటికి 40.5 మంది, ఏకభాషావేత్తలలో 19.6 మంది. కాని మాట పోవు విషయమున ఇరుతెగలకును చెప్పదగిన భేదము లేదు. పలుభాషలను మాఱిమాఱి వాడు సాధనము తలంపునకు కాపుదలయైనది, మాటకు కాలేదు. భాషాభ్యాసము ప్రక్కయింటికి బలమునిచ్చెనేగాని ఆ రెండిండ్లును ఒకటి కావు.

ఉపసంహారము

ఈ విచారము తెలుగుశాఖవారికేల యన్నచో, పరిభాషను కల్పించు బాధ్యత మనది. వాక్స్థానమని ఒక భాగమునకు పేరు పెట్టుటతో అది మాటకు మాత్రమే చెందునను భ్రమ కలిగినది. అఫేసియాను బుద్ధిలోపమనుటతో రోగి మనుష్యత్వమునకే లోపము కలిగినది. మాట పోయినవాని సాక్ష్యము చెల్లునా, అతడు వ్రాయించిన వీలునామా చెల్లునా యను ప్రశ్నలు పందొమ్మిదవ శతాబ్దినుండియు న్యాయవేత్తలను బాధించుచున్నవి. మన యిండ్లలో కుడివైపు పక్షవాతము వచ్చి నోరు మూతపడిన పెద్దలను, ఏమియు తెలియనివారినివలె ప్రక్కకు నెట్టి, వారి యెదుటనే వారిని గూర్చి నిర్ణయములు చేయుట అరుదు కాదు. కావున పనినిబట్టి పెట్టిన పేరుకంటె బ్రోకా ప్రదేశమను పేరే పాఠ్యగ్రంథములలో వాడుట మేలు.

భర్తృహరి చెప్పిన శబ్దము వైఖరికి మాత్రమే పరిమితము కాదు. పశ్యంతి, మధ్యమ అను సూక్ష్మావస్థలను ఆయన అంగీకరించెను. కావున మెదడు పరీక్షలచే ఆ దర్శనము ఖండితమైనదనుటయు, సమర్థితమైనదనుటయు తొందరపాటే. కాని నోట వెలువడు మాట విషయమున నిదర్శనము స్పష్టము. ఇట్టి రోగిని చూచి మన పల్లెలవారు మాట పడిపోయినదందురు, మతి పడిపోయినదనరు. పియర్ మారీ సిద్ధాంతముకంటె ఈ నానుడి సూక్ష్మమైనది. దానిని వాడువారు ఆ రోగి చేతివైపు గూడ ఒకమాఱు చూడవలయును. అడుగదగిన రీతిని అడిగినచో ఆ వ్రేళ్లు సమాధానము చెప్పవచ్చును.